నెల్లూరులో మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రాన్స్‌ఫర్ మీద ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు, పేషెంట్‌కి తోడుగా వచ్చి ఆస్పత్రులుండే పొగతోటలో రెండు రోజులు ఉండాల్సినవాళ్లు, చెన్నై నుంచి పెళ్లికొచ్చి "మీ ఊళ్లో కాఫీ ఎట్టా ఉంటుంది?" అని అనుమానంగా అడిగే చుట్టాలు. వీళ్లందరి ప్రశ్నలూ ఇంచుమించు ఇవే.

ఒక్క షాపు పేరు చెప్పండి చాలు. నెల్లూరులో బెస్ట్ కాఫీ ఎక్కడ?

పేరు చెప్పను. చెబితే మీకే నష్టం. కాఫీ రుచి బోర్డులో ఉండదు, మాస్టర్ చేతిలో ఉంటుంది. మాస్టర్లేమో ఒకచోట నిలవరు. నిరుడు అందరూ మెచ్చుకున్న హోటల్లో ఈ ఏడు వేరే చెయ్యి పడి ఉంటుంది. అంతెందుకు, ఒకే హోటల్లో ఉదయం ఆరున్నరకి తాగిన కాఫీకీ, పదకొండున్నరకి తాగినదానికీ పొంతన ఉండదు. అందుకే ఇక్కడ ఏ ఏరియా, ఏ టైమ్, ఏం అడగాలి అన్నవే చెబుతున్నాను. మీరు దిగిన చోటికి నడిచివెళ్లే దూరంలో మూడు హోటళ్లు చూసుకుని ఒక్కో పొద్దున ఒక్కోదాంట్లో తాగండి. ఆ తర్వాత మిమ్మల్నే నలుగురూ అడుగుతారు.

నెల్లూరోళ్లకి కాఫీ అంటే అంత పట్టింపు ఎందుకు?

పక్కనే మద్రాసు ఉండటం వల్ల. ఇక్కడి నుంచి చెన్నైకి రోడ్డు మీద దాదాపు 175 కిలోమీటర్లు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా రాజధాని కూడా అదే. చదువులకీ, కోర్టు పనులకీ, పెద్ద వైద్యానికీ, పెళ్లి పట్టుచీరలకీ అక్కడికే పోయేవాళ్లు. ఆ రాకపోకల్లోనే ఇత్తడి ఫిల్టరూ, దబరా గ్లాసూ ఇళ్లల్లోకి వచ్చాయి. ఇప్పటికీ పాత కుటుంబాల్లో ఇంటికొచ్చినవాళ్లని "కాఫీ తాగతారా?" అనే అడుగుతారు. టీ మాట తర్వాత వస్తుంది.

అలాగని ఊరంతా కాఫీయే అనుకోకండి. లెక్కకి టీ కొట్లే ఎక్కువ. ఇరానీ చాయ్ బోర్డులు సందుకొకటి ఉన్నాయి. కాఫీ కావాలంటే కొంచెం వెతుక్కోవాలి.

ఏ ఏరియాలో ఎలాంటి కాఫీ దొరుకుతుంది?

ట్రంకు రోడ్డు, గాంధీబొమ్మ, వీఆర్సీ సెంటర్ చుట్టుపక్కల పాతకాలపు వెజిటేరియన్ టిఫిన్ హోటళ్ల వరస. డికాక్షన్ కాఫీ మీద నమ్మకం పెట్టుకోదగ్గది ఇక్కడే. కౌంటర్ దగ్గర స్టీలు గ్లాసులు బోర్లించి ఉంటాయి, పక్కన పాల బాయిలరు సన్నగా బుసకొడుతూ ఉంటుంది. కూర్చునే చోటు ఇరుకు. ఎదురుగా కొత్తవాళ్లు వచ్చి కూర్చుంటారు, దానికి ఇబ్బంది పడకూడదు.

మూలాపేట, రంగనాయకులపేట వైపు గుడికి పోయొచ్చేవాళ్ల కోసం పొద్దున్నే తెరిచే చిన్న హోటళ్లు ఉంటాయి. రంగనాథస్వామి దర్శనం చేసుకుని, పెన్న గాలికి కాసేపు నిలబడి, తర్వాత తాగే కాఫీకి నేను కొంచెం పక్షపాతిని. రుచిలో ట్రంకు రోడ్డుదే పైచేయి కావచ్చు.

పొగతోటంతా ఆస్పత్రులు, ల్యాబులు, మందుల షాపులు. ఇక్కడ కాఫీ ఆగకుండా అమ్ముడవుతుంది కాబట్టి డికాక్షన్ పాతబడే సమస్య తక్కువ. అయితే రద్దీలో కలపడం పరుగు మీద సాగుతుంది. ఒక గ్లాసు స్ట్రాంగ్‌గా, ఇంకొకటి నీళ్లగా రావడం మామూలే.

స్టోన్‌హౌస్‌పేట టోకు వ్యాపారాల చోటు. అక్కడ కాఫీ చిన్న గ్లాసులో, చక్కెర ఎక్కువగా, నిలబడి తాగేసి పోయే పద్ధతి. మాగుంట లేఅవుట్, మినీ బైపాస్ వైపు ఏసీ కెఫేలు. వాటి సంగతి కింద విడిగా చెబుతాను. వేదాయపాలెం, హరనాథపురంలో రెండు రకాలూ కలిసే ఉంటాయి.

ఏ టైమ్‌కి వెళ్తే మంచిది?

మొదటి డికాక్షన్ దిగిన టైమ్‌కి. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

హోటళ్లలో తెల్లవారుజామునే పొడి వేసి వేన్నీళ్లు పోస్తారు. ఆరూ ఆరున్నరకల్లా చిక్కటి డికాక్షన్ దిగుతుంది. తొమ్మిది దాటాక టిఫిన్ రద్దీ పెరిగితే, కొన్నిచోట్ల అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి రెండో డికాక్షన్ తీస్తారు. అందులో రంగు వస్తుంది, వాసన రాదు. ఇంకొన్నిచోట్ల మిగిలిన డికాక్షన్ చల్లారిందని పొయ్యి మీద పెట్టి మళ్లీ కాస్తారు. దానికి వచ్చే చేదు నాలుక చివర మాడినట్టు నిలిచిపోతుంది. పదిన్నర నుంచి మూడు దాకా తాగే కాఫీలో ఈ రెండింట్లో ఏదో ఒకటి తగిలే అవకాశం ఎక్కువ. సాయంత్రం బజ్జీల టైమ్‌కి, అంటే నాలుగింటికి అటూఇటూ, మంచి హోటళ్లు మళ్లీ కొత్తగా తీస్తాయి. మధ్యాహ్నం ఒకటింటికి భోజనం చేసి "ఇక్కడ కాఫీ బాలేదు" అని తీర్మానించేవాళ్ల మాట పట్టించుకోకండి.

"అన్నా, కొత్త డికాక్షన్ ఎప్పుడు దిగుద్ది?" అని అడగడంలో తప్పేం లేదు. ఆ ప్రశ్న విన్న మాస్టర్ మిమ్మల్ని రెండోసారి గుర్తుపడతాడు.

తాగకముందే కాఫీ బాగుంటుందో లేదో తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. కలిపేచోట నిలబడి చూడండి. మంచి మాస్టర్ గ్లాసుల్లో ముందు డికాక్షన్ పోస్తాడు, చిన్న గరిటెతో, ఒక్కోదానికీ కొలతగా. ఎవరన్నా స్ట్రాంగ్ అడిగితే అందులో ఇంకో అర గరిటె. ఆ తర్వాతే మరుగుతున్న పాలు. చెయ్యెత్తి పోసేటప్పుడు నురగ గ్లాసు అంచు దాటి పొంగి, పడిపోకుండా నిలుస్తుంది. ఈ వరస చూశారంటే సగం నిశ్చింత. అలా కాకుండా ఒకే పెద్ద గిన్నెలో పాలు, డికాక్షన్, చక్కెర ముందే కలిపేసి, అడిగినవాళ్లకల్లా ముంచి ఇస్తుంటే అక్కడ టీ తాగండి.

రంగు కూడా చెబుతుంది. ఎరుపు తిరిగిన గోధుమ రంగు మంచిది. బూడిదరంగు కలిస్తే డికాక్షన్ పాతదో, పాలకి నీళ్లు తోడయ్యాయో. గ్లాసు అడుగున మడ్డి మిగిలితే వడగట్టే గుడ్డ అరిగిపోయి ఉంటుంది. దానివల్ల ప్రమాదమేం లేదు గానీ చివరి గుటక వదిలేయండి.

ఆర్డర్ ఎలా చెప్పాలి?

ఉత్త "కాఫీ" అంటే మీడియం, చక్కెర బాగా వేసి వస్తుంది. మనం వాడే మాటలు ఇవి: స్ట్రాంగ్, లైట్, చక్కెర తక్కువ, వితౌట్. వితౌట్ అంటే చక్కెర లేకుండా. షుగరున్న మావయ్యలకి కొట్టిన పిండి ఈ మాట. ఇద్దరు పంచుకోవాలంటే వన్ బై టూ. కొన్ని హోటళ్లు రద్దీ టైమ్‌లో దానికి ఒప్పుకోవు. చక్కెర తక్కువ అంటే ఒక్కో మాస్టర్‌కి ఒక్కో లెక్క. ఖచ్చితంగా కావాలంటే వితౌట్ చెప్పి, చక్కెర విడిగా అడిగి కలుపుకోవడం మేలు.

బోర్డు మీద ఫిల్టర్ కాఫీ అని ఉంది, లోపల ఇన్‌స్టంట్ ఇస్తున్నారు. ఎలా పట్టుకోవాలి?

కౌంటర్ దగ్గర డికాక్షన్ గిన్నె కనబడదు, స్పూను కనబడుతుంది. అంతే. ఇన్‌స్టంట్ తాగడం నేరమేం కాదు. రాత్రి పది తర్వాత ఆర్టీసీ బస్టాండ్ దగ్గర అదే దొరుకుతుంది, అదే తాగాలి. ఫిల్టర్ అని చెప్పి ఆ డబ్బు తీసుకుంటేనే కోపం వస్తుంది.

చికోరీ కల్తీయేనా?

కాదు. చికోరీ ఒక మొక్క వేరు. దాన్ని వేయించి పొడి చేసి కాఫీలో కలుపుతారు. మన దేశంలో ఎక్కువగా గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండుతుంది. అందులో కెఫీన్ ఉండదు. డికాక్షన్‌కి చిక్కదనం, ముదురు రంగు, కాస్త తీపి కలిసిన చేదు ఇస్తుంది. పాలు ఎక్కువ పోసినా కాఫీ పలచగా అనిపించకపోవడానికి కారణం అదే.

చికోరీ ఉందని చెప్పకుండా అమ్మితేనే మోసం. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. ప్యాకెట్ మీద రెండింటి శాతం రాయాలి. ప్యూర్ అని అమ్మిన పొడి మీద అనుమానం ఉంటే, గాజు గ్లాసులో చల్లటి నీళ్లు తీసుకుని పైన చిటికెడు పొడి చల్లండి. కాఫీ పొడి కాసేపు తేలుతుంది. చికోరీ రంగు చారలు వదులుతూ దిగిపోతుంది. చూడ్డానికి కూడా బాగుంటుంది, పిల్లలకి చూపించండి.

నా మట్టుకు 80:20 చాలు, అంటే కాఫీ 80 పాళ్లు, చికోరీ 20. హోటల్ రుచి కావాలనేవాళ్లు 70:30కి వెళ్లొచ్చు. 60:40 దాటితే అది చికోరీ కషాయం.

ఏసీ కెఫేల్లో ఏం తాగాలి? కాపుచినో, లాటే మాకు తేడా తెలియదు.

ముందు ఒక గందరగోళం తీర్చేద్దాం. మన పెళ్లిళ్లలో, ఎగ్జిబిషన్లలో "ఎస్ప్రెస్సో కాఫీ" అని ఒకటి ఇస్తారు గుర్తుందా? ఆవిరి గొట్టం బుస్సుమంటుంటే పాలు నురగ తేలి, పైన చాక్లెట్ పొడి చల్లి చేతికిస్తారు. అందులో ఉండేది మామూలుగా ఇన్‌స్టంట్ పొడే. అది గుర్తుపెట్టుకుని కెఫేలో ఎస్ప్రెస్సో అడిగితే, ఉగ్గుగిన్నెంత కప్పులో రెండు గుటకల నల్లటి కాఫీ వస్తుంది. పాలు ఉండవు, చక్కెర ఉండదు. బిల్లు చూసి మొహం మాడిపోయినవాళ్లు చాలామంది.

అసలు ఎస్ప్రెస్సో అంటే సన్నగా ఆడిన పొడిని బిగించి, వాతావరణ ఒత్తిడికి తొమ్మిది రెట్ల ఒత్తిడితో వేన్నీళ్లు పంపి, పాతిక ముప్పై సెకన్లలో దించే డికాక్షన్. మన ఫిల్టర్‌లో పావుగంట పట్టే పని. దానికి పాలు, మందపాటి నురగ కలిస్తే కాపుచినో. పాలు ఎక్కువై నురగ పలచనైతే లాటే. వేన్నీళ్లు మాత్రమే కలిపితే అమెరికానో. ఫిల్టర్ కాఫీ అలవాటున్న నోటికి కాపుచినో దగ్గరగా ఉంటుంది. "వేడిగా ఇవ్వండి" అని తప్పకుండా చెప్పండి. కెఫే పద్ధతిలో పాలు 65 డిగ్రీల దగ్గర ఆపేస్తారు, మనకది చల్లారిన కాఫీ కింద లెక్క.

కోల్డ్ కాఫీ గురించి నాకు పెద్ద అభిప్రాయం లేదు. మే నెలలో మినీ బైపాస్ మీద ఎండకి ఏదైనా బాగుంటుంది.

ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకోవచ్చా?

కెఫేల్లో వారం మధ్యలో పొద్దునపూట ఫర్వాలేదు. సాయంత్రాలు కాలేజీ పిల్లలు, బర్త్‌డే కేకులు, పాటల మోత. టిఫిన్ హోటల్లో మాత్రం ఆ ఆలోచనే పెట్టుకోకండి. గ్లాసు కింద పెట్టేలోపు మీ కుర్చీ వెనక ఇంకొకరు నిలబడి ఉంటారు.

ఆడవాళ్లు ఒక్కరే వెళ్లి కూర్చోవచ్చా?

టిఫిన్ హోటళ్లకి ఏ ఇబ్బందీ లేదు. పొద్దున ఆఫీసుకి పోయే అమ్మాయిలు, గుడి నుంచి వచ్చే పెద్దవాళ్లు కనబడుతూనే ఉంటారు. ఏసీ హాలు విడిగా ఉన్నచోట కాఫీ ధర కాస్త ఎక్కువ. రోడ్డు పక్క నిలబడి తాగే బంకులు మాత్రం ఇంకా మగవాళ్ల అడ్డాలే. మారాలి, మారలేదు.

హైవే మీద డిగ్రీ కాఫీ బోర్డుల దగ్గర ఆగొచ్చా?

16వ నంబరు జాతీయ రహదారి మీద నాయుడుపేట దాటి చెన్నై వైపు పోతుంటే కుంభకోణం డిగ్రీ కాఫీ (నీళ్లు కలపని చిక్కటి పాలతో చేసే ఫిల్టర్ కాఫీ) అన్న బోర్డులు వరసగా కనబడతాయి. ఇత్తడి దబరాలో ఇస్తారు, ఫోటోకి బాగుంటుంది. కొన్ని నిజంగానే బాగుంటాయి. బోర్డు చూసి ఆగకండి, ఎన్ని కార్లు ఆగి ఉన్నాయో చూసి ఆగండి. బేరం ఉన్నచోటే డికాక్షన్ తాజాగా ఉంటుంది. ఇత్తడి దబరా అంచు పట్టుకోబోయి వేళ్లు కాల్చుకోకండి.

అదే పొడి కొన్నాం, ఇంట్లో హోటల్ రుచి రావట్లేదు. ఎందుకు?

ఈ ప్రశ్న అందరిదీ. కారణాలు నాలుగైదు ఉంటాయి.

పొడి పాతదై ఉండొచ్చు. గింజలు వేయించి కళ్లముందే ఆడించి ఇచ్చే షాపులో 100 గ్రాములో, పావు కిలోనో తీసుకుని రెండు వారాల్లో అయిపోగొట్టండి. కిలో కొని డబ్బాలో దాచుకుంటే నెలాఖరుకి అందులో వాసన ఉండదు. ఫిల్టర్‌కి అని చెప్పి ఆడించుకోండి. మరీ మెత్తగా ఆడితే నీళ్లు దిగవు, బరకగా ఉంటే గబగబా దిగిపోయి రంగునీళ్లు వస్తాయి. గింజ విషయానికొస్తే, పీబెర్రీ (కాయలో ఒంటిగా పెరిగే గుండ్రటి గింజ), ప్లాంటేషన్ ఎ (పెద్ద సైజు అరబికా గింజ) సగం సగం కలిపి తీసుకునేవాళ్లు ఎక్కువ. రోబస్టా అనే ఇంకో జాతి గింజ కొంచెం కలిస్తే ఘాటు పెరుగుతుంది. అరబికాతో పోలిస్తే దాంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు.

కొలత ఇంకో కారణం. ఇంట్లో పొదుపు చేస్తాం, హోటల్‌వాడు చెయ్యడు. రెండు మూడు కప్పులకి 20 గ్రాముల పొడి వేసి, పైన గొడుగు ప్లేటు మెల్లగా పెట్టి, అదిమిపట్టకుండా, మరిగి ఒక నిమిషం ఆగిన నీళ్లు వంద మిల్లీలీటర్లు పోయండి. పావుగంట ముట్టుకోకండి. దిగకపోతే చిల్లులు పూడుకుపోయాయన్నమాట. పై గిన్నెని పొయ్యి మంట మీద ఒక నిమిషం తిప్పితే పాత పొడి కాలి రాలిపోతుంది. అమ్మమ్మలు చేసేది అదే.

పాల సంగతి. ఫుల్ క్రీమ్ పాలలో వెన్న 6 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం. హోటల్లో చిక్కటి పాలు వాడతారు, మనం టోన్డ్ ప్యాకెట్ తెచ్చి, అందులో నీళ్లు కూడా పోసి, ఫిల్టర్‌ని తిడతాం. డికాక్షన్‌ని ఎప్పుడూ కాయొద్దు. పాలే పొంగేంత వేడిగా ఉండాలి.

చివరిది నీళ్లు. ఉప్పు బోరు నీళ్లతో కాఫీ పాడవుతుందని అందరికీ తెలుసు. ఖనిజాలన్నీ తీసేసిన ఆర్వో నీళ్లతో కూడా చప్పగా వస్తుంది. మున్సిపల్ కుళాయి నీళ్లు కాచి చూడండి.

అరకు కాఫీ ఎలా ఉంటుంది?

అరకు లోయ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ ప్యాకెట్లు, ప్రైవేటు బ్రాండ్లు ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు. కాఫీ చాలా బాగుంటుంది, కానీ చికోరీ లేని అరబికాని మన పద్ధతిలో ముప్పావు గ్లాసు పాలతో కలిపితే దాని సువాసన పాలల్లో మునిగిపోతుంది. పాలు తగ్గించి, లేదా పాలు లేకుండా బెల్లంతో తాగండి. అప్పుడు దాని గొప్ప తెలుస్తుంది.

రోజుకి ఎన్ని తాగొచ్చు? ఫాస్టింగ్ టెస్ట్‌కి ముందు కాఫీ ఫర్వాలేదా?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకి కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకూడదు. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందని అందులోనే చెప్పారు. మన స్టీలు గ్లాసు చిన్నదే కాబట్టి రెండు మూడు గ్లాసులకి టెన్షన్ అక్కర్లేదు. గర్భిణులు డాక్టర్ని అడిగి తగ్గించుకోవాలి. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దని కూడా అదే పుస్తకం చెబుతుంది. అందులోని టానిన్లు తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. రక్తం తక్కువ ఉన్నవాళ్లు ఈ ఒక్క మాట పాటించినా మేలే.

ఫాస్టింగ్ షుగర్ టెస్ట్‌కి ముందు కాఫీ వద్దు, వితౌట్ అయినా సరే. పాలల్లో కూడా చక్కెర ఉంటుంది. పొగతోట ల్యాబుల ముందు పొద్దున ఏడింటికి ఒక దృశ్యం రోజూ చూడొచ్చు. మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని, చెయ్యి ఇంకా చాపకుండానే, పెద్దాయన నేరుగా హోటల్ మెట్లెక్కుతాడు. వెనక కూతురు "నాన్నా, టిఫిన్ తిన్నాక రెండు గంటలకి ఇంకో టెస్టుంది, మధ్యలో ఏం తాగొద్దు" అని అరుస్తూ ఉంటుంది. ఆ అమ్మాయి చెప్పేదే కరెక్టు. టిఫిన్ తిన్నాక రెండో శాంపిల్ ఇచ్చేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు.

టిఫిన్‌లో ఏది తింటే కాఫీ రుచిస్తుంది?

ఇడ్లీ, వడ, పొంగలి. నెయ్యి కారం దోశ తిన్న వెంటనే మాత్రం వద్దు. కారానికి వేడి తోడై కాఫీ రుచి కాదు కదా, నాలుకే తెలియదు. కాసేపు నీళ్లు తాగి ఆగండి. మలై కాజా తింటే కాఫీ వితౌట్ చెప్పుకోండి.

పార్సిల్ ఇస్తారా?

ఇస్తారు. ఫ్లాస్కు మీరే తీసుకెళ్లండి. పలచటి ప్లాస్టిక్ కవర్లో మరుగుతున్న కాఫీ పోయించుకోవడం ఇంకా అక్కడక్కడా కనబడుతోంది, అది మానాలి. పేపర్ కప్పులు కూడా ఉత్త కాగితం కావు, లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి ద్రవం పావుగంట ఉంటే అందులోంచి వేలల్లో ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో తేల్చారు. స్టీలు గ్లాసు అడిగితే చాలా హోటళ్లు ఇస్తాయి.

రొట్టెల పండగ రోజుల్లో ఎలా?

మొహర్రం టైమ్‌లో బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు చుట్టూ లక్షల్లో జనం. దర్గామిట్ట వైపు ఏ హోటల్లోనూ నిదానంగా కాఫీ దొరకదు. తెల్లారకముందే తాగేసి బయల్దేరండి.

ఒంగోలు, కావలి వైపు పోతే?

ఉత్తరానికి పోయేకొద్దీ టీ రాజ్యం. కావలిలో పాత టిఫిన్ హోటళ్లలో మంచి డికాక్షన్ దొరుకుతుంది. ఒంగోలులో ట్రంకు రోడ్డు, కర్నూలు రోడ్డు వైపు వెతకండి. అల్లూరయ్య మైసూర్‌పాక్ ఒక ముక్క కొనుక్కుని, తర్వాత చక్కెర లేని స్ట్రాంగ్ కాఫీ పడితే ఒంగోలు మీద ఇంకే ఫిర్యాదూ ఉండదు.

ధర ఎందుకు ఇంత పెరిగింది?

బ్రెజిల్, వియత్నాంలలో వానల్లేక పంట దెబ్బతిని, 2024-25లో గింజల ధర ప్రపంచ మార్కెట్లో రికార్డులకి ఎక్కింది. కొడగు, చిక్కమగళూరు గింజ కూడా ఆ ధరనే పట్టుకుని పోతుంది. దానికి పాలు, గ్యాస్, కూలి తోడు. ధర పెంచిన హోటల్ మీద నాకు కోపం లేదు. ధర పెంచకుండా గ్లాసు చిన్నది చేసి, డికాక్షన్‌లో నీళ్లు కలిపినవాళ్ల దగ్గరికే మళ్లీ పోను.

మైపాడు బీచ్‌లో కాఫీ దొరుకుతుందా?

టీ దొరుకుతుంది, మొక్కజొన్న దొరుకుతుంది. కాఫీ ఫ్లాస్కులో పట్టుకెళ్లండి. పాలు, డికాక్షన్ కలపకుండా విడివిడిగా పోసుకెళ్తే ఇంకా మంచిది.